సర్వర్ గదిలో కునుకు పరీక్ష

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ఒక్క నేనే కొంచెం అయోమయంలో ఉన్నాను.

మా దిండ్ల ఫ్యాక్టరీలో సర్వర్లు ఆరున్నాయి కదా. ఆర్డర్లకొకటి, స్టోర్సుకొకటి, జీతాలకొకటి, ఇలా. ఆరూ ముసలివైపోయాయి. వాటి బదులు ఒక కొత్తది పెట్టి, దాని లోపలే ఆరున్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ కొనాలని మా యజమానురాలి ఆలోచన. మూడు రకాలు పోల్చి ఏది మంచిదో చెప్పే పని మీ కంపెనీవాళ్ళు నీకే ఇచ్చారని తెలిసి మీ అక్క ఆనందానికి అంతులేదు. నా సంగతే ఇబ్బందిగా ఉంది. ఇక్కడ సర్వర్లు చూసుకునే అమ్మాయి పురిటికి వెళ్ళింది. "పరీక్షల విభాగం మీదే కదండీ, మీరే చూడండి" అని యజమానురాలు ఆ పని నా నెత్తిన పెట్టింది.

ముప్పై ఏళ్ళుగా నేను పరీక్షించినవి దిండ్లు. మధ్యాహ్నం కొత్త దిండు మీద పడుకుంటాను, లేచి నిద్ర ఎలా పట్టిందో రాస్తాను. నిద్ర సుఖమెరగదు అన్న మహానుభావుడెవరో మా ఫ్యాక్టరీలో పనిచేసి ఉండడు. ఇంతకీ ఒకదాంట్లో ఆరు ఎలా పడతాయి?

ఇట్లు,
నీ బావ

తా.క.: ఇది నీలోనే దాచుకో. ఆరు నెలలుగా నాకు కంటి మీద కునుకు లేదు. దిండు మీద ఊరికే కళ్ళు మూసుకుని, ఊహించి రాసేస్తున్నాను. నిద్రపోలేని దిండ్ల పరీక్షకుడు ఎవరికి కావాలి? యజమానురాలికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మీ అక్కకి అసలే చెప్పకు.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఒక మనిషికి ఒకేసారి ఆరు కలలు వస్తున్నాయనుకోండి. ప్రతి కలలో ఉన్నవాడూ తనే అసలు మనిషిననుకుంటాడు. ఒక కల చెడినా పక్క కలకి ఏమీ కాదు. అయితే పడుకున్నవాడికే మెలకువొస్తే ఆరూ పోతాయి. అందుకని పక్కన ఇంకొకణ్ణి పడుకోబెడతాం. మొదటివాడు లేచేలోపు కలలన్నీ రెండోవాడికి చేరిపోవాలి. అసలు తేడా ఆ చేర్చడంలోనే ఉంది.

మొదటి సాఫ్ట్‌వేర్ ఉచితం, పాడైతే మనమే బాగుచేసుకోవాలి. రెండోది పేరున్నది, ఏటేటా అద్దె కట్టినట్టు కడుతూనే ఉండాలి. మూడోది రెంటికీ మధ్యరకం. వారానికొకటి పంపిస్తాను. ఎలా ఉందో నాలుగు ముక్కలు రాయండి చాలు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగండి. అక్కకి చెప్పను.

*

చిరంజీవికి,

నీ కలల పాఠం బాగా ఒంటబట్టింది. పరీక్ష ఎలా చెయ్యాలో నువ్వు రాయలేదు కాబట్టి మా విభాగం పద్ధతిలోనే చేశాను. ఫలితం ఇది.

మొదటి సాఫ్ట్‌వేర్: మొదలు మెత్తగా ఉంది. ఇరవై నిమిషాలకొకసారి చిన్న కుదుపు. మళ్ళీ సర్దుకుంటుంది. బరువైన పనివాళ్ళకి పనికిరాదు.

ఇట్లు,
బావ

తా.క.: పాలు తాగాను. పాలు అరిగాయి, నిద్ర మాత్రం రాలేదు. అయినా ఈ వారం మనసు ఎందుకో తేలిగ్గా ఉంది.

*

బావగారికి,

మీ కాళ్ళకి మొక్కాలి! మీ ఉత్తరం చూపించి ఇంజనీరుని పంపించాను. అతను మూడు రోజులు పరికరాలు పెట్టి చూస్తే, నిజంగానే ఇరవై నిమిషాలకొకసారి లోపల ఏదో నకళ్ళు తీసుకుంటూ ఫ్యాన్లు జోరందుకుంటున్నాయట. "మీ బావగారు ఎక్కడ చదువుకున్నారండీ?" అని అడిగాడు. బావమరిది బతకగోరతాడంటారు, ఇక్కడ బావే బతికిస్తున్నాడు. రెండోది వచ్చేసింది, పరీక్షించండి.

మీ బావమరిది

తా.క.: మా పైఅధికారి మీ నాలుగు వాక్యాలూ ఫైల్లో పెట్టించాడు. "బరువైన పనివాళ్ళు" అన్న మాట కింద రెండు గీతలు గీశాడు.

*

చిరంజీవికి,

రెండో సాఫ్ట్‌వేర్: చాలా లోతు. అడుగు తగల్లేదు. ఏడుసార్లు పిలిచినా పలుకు లేదు. ఎనిమిదోసారి గట్టిగా కుదిపితేగాని కదల్లేదు. లేచాక పదినిమిషాలు ఏ లోకమో తెలియలేదు.

నాకైతే ఇది కూడా బాగానే ఉంది. తొందరేముంది, పాత ఆరింటినీ పక్కనే ఉండనిచ్చి, ఇంకో ఆరునెలలు పోల్చి చూద్దామా?

ఇట్లు,
బావ

తా.క.: ఏడుసార్లు పిలిచింది, రోజూ ఫ్యాక్టరీకి టీ తెచ్చే మీ అక్క. టీ చల్లారిపోతోందట.

*

బావా,

మీ తా.క. నేను ఆలస్యంగా చదివాను. ఏడుసార్లు పలకలేదన్న ముక్క చూడగానే ఆ కంపెనీ మీద విరుచుకుపడ్డాను. వాళ్ళు భయపడి ఇద్దరు ఇంజనీర్లని పంపారు. సర్వర్ గదిలో, రెండు బీరువాల మధ్య పరుపు, పరుపు మీద మూడు దిండ్లు, దిండ్ల మీద మీరు! "సర్వర్ బాగానే పలుకుతోందండీ, మీ బావగారే పలకడం లేదు" అని మా అధికారి ముందే చెప్పారు.

సాఫ్ట్‌వేర్‌ని నిద్రపోయి పరీక్షిస్తారా ఎవరైనా? ఇది నేను సొంతంగా చేస్తున్న మొదటి పని. నామీద మీకేం కోపం? నా పెళ్ళిచూపులకి మిమ్మల్ని పిలవలేదనా? ఇక పరీక్షలు వద్దు. శనివారం మధ్యాహ్నం పాత ఆరింటినీ ఆపించి, అన్నిటినీ మూడోదాంట్లోకి మారుస్తున్నాను. మీరు ఏ తీగా ముట్టుకోకుండా ఉంటే అదే పదివేలు.

బావమరిది

తా.క.: కోపంలో రాశాను. మీరు నిద్రపోయారన్న సంగతి ఇప్పుడే తట్టింది. నిజంగా పోయారా?

*

చిరంజీవికి,

నిజంగా పోయాను నాయనా. నీ మీద కోపం లేదు. సిగ్గుపడి చెప్పలేదంతే. మొదటిరోజు పద్ధతి ప్రకారం ఆ గదిలో పరుపు వేశాను. ఆరు ముసలి యంత్రాలూ గుయ్యిమంటుంటే, ఆరు నెలల తర్వాత కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఏడుపొచ్చింది. అవి పోతే నిద్రా పోతుంది, నిద్ర పోతే ఉద్యోగమూ పోతుంది. అందుకే పోల్చి చూద్దాం, పోల్చి చూద్దాం అని సాగదీశాను.

శనివారం ఆరూ ఆగిపోయాయి. ఆఖరిసారి పడుకుందామని వెళ్ళాను. యజమానురాలు వస్తే చెబుతానని మీ అక్క తలుపు పక్కన కుర్చీ వేసుకుంది. గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అయిపోయింది నా పని అనుకున్నాను. కాసేపటికి నీ మూడోది మొదలైంది. ఏమి మోతరా అది! మెల్లగా ఎత్తుకుని, పైకి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, సన్నటి ఈలతో దిగుతుంది. తేలిపోయాను.

కలలో ఫ్యాక్టరీ దూదంతా కిటికీల్లోంచి బయటికి వచ్చి వీధి మీద మబ్బయింది. మబ్బు మీద ఆరుగురు గుమాస్తాలు కూర్చుని రాసుకుంటున్నారు. ఒకరున్నట్టు ఇంకొకరికి తెలీదు. ఎవరో ఆ మబ్బుని ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి జరిపారు. ఒక్క కలమూ ఆగలేదు. మూడోదే కొనిపించు. చేతులెత్తి అడుగుతున్నాను, దాన్ని ఆ గదిలోంచి కదపొద్దు.

ఇట్లు,
బావ

తా.క.: మీ అక్కకి కూడా ఆ గాలి పడినట్టుంది. నేను లేచేసరికి హాయిగా ఉందంటూ ఒళ్ళు విరుచుకుంటోంది.

*

బావగారికి,

నమస్కారాలు. యజమానురాలు మూడోదానికే సంతకం పెట్టింది. శనివారం మధ్యాహ్నం దాని లోపల నడుస్తున్న ఆరింటినీ ఒక యంత్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపి చూశాం. ఒక్క ఆర్డరూ ఆగలేదు. మీకు కల వచ్చిన వేళా అదే. రిపోర్టులో మీ మబ్బుని అలాగే రాశాను. అందరికీ అర్థమైన పేజీ అదొక్కటేనట.

అయితే బావా, దాన్ని ఆ గదిలోంచి కదపడానికి అది అక్కడ ఉంటే కదా. కొత్త యంత్రాలు మొదటినుంచీ ప్యాకింగ్ విభాగం పక్కగదిలో ఉన్నాయి. శనివారం మీ గదిలో మోగే వస్తువు ఒక్కటీ లేదు, తలుపు పక్కన కుర్చీలో నిద్రపోయిన మా అక్క తప్ప.

మోకాళ్ళ నొప్పులని అక్క మేడ దిగి కింది గదిలో పడుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది? నేను లెక్కవేశాను, ఆరు నెలలు.

మీ బావమరిది

తా.క.: గురక మాట అక్కతో అనకండి, ఇద్దరికీ ఉద్యోగాలు పోతాయి. ఆదివారం వస్తున్నాను. మీ మంచం కిందికి దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి.