అడగని ఫోన్

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పొలిటికల్ సైన్స్ చెప్పి, ఇంటికొచ్చేటప్పుడు సర్కార్‌ను తిట్టుకుంట నాకు వాయిస్ మెసేజ్‌లు పెడ్తుంటివి. అన్నీ దాచుకున్న. "నియంత సగం పనే చేస్తడురా, తక్కిన సగం మన భయమే చేసి పెడ్తది" అంటుంటివి.

పొద్దుగాల ఎల్బీ నగర్ చౌరస్తాల పోలీసులు బండ్లు ఆపిన్రు. "ఫోన్లు గూడ చూస్తున్నరంట భాయ్" అన్నడు పక్క ఆటోయన. లైన్ల ఉండంగనే నీ మెసేజ్‌లన్నీ డిలీట్ చేసిన, ఒక్కటి గూడ ఉంచలే.

కానిస్టేబుల్ నా లైసెన్స్ చూసి, "పో అన్నా, జల్ది కదులు" అన్నడు. ఫోన్ అడగనే లేదు.

ఇంటికొస్తే అమ్మ నీ ఫొటో ముంగట కూసొని ఉంది.

"అక్క గొంతు ఒక్కసారి పెట్టురా" అంటుంది.