నాన్న పెళ్ళి కోటు

ఫాంటెన్‌బ్లో, బుధవారం

అమ్మా,

ఒంట్లో బాగుంది, దగ్గు తగ్గింది. బంతుల కోసం నువ్వు పంపిన పాత గుడ్డల మూటలో నాన్న పెళ్ళి కోటు కలిసిపోయిందేమోనని అడిగావు. కలిసింది. ఏడవకు, మిగతాది కూడా చదువు.

నీ కార్డు వచ్చేసరికే అన్సెల్మ్ బాబాయి తెలియక దాన్ని పీలికలుగా చింపి, బిరడా ముక్కలకు బిగించి చుట్టి, పైన తెల్ల ఉన్నిగుడ్డ కుట్టేశాడు. నిన్న మన టెన్నిస్ శాలలో, ఆ నాలుగు గోడల మధ్య, వాటితోనే ఆడారు. ఒక బంతి పక్కగోడకు తగిలి, గోడవారనున్న వాలుచూరు మీద దొర్లి, మూలన పడి ఎగరకుండా చచ్చింది. ఆడుతున్న దొరగారు ఉత్త గాలిని కొట్టారు.

"ఎవడి గుడ్డరా ఇది, ఇంత పొగరుగా ఉంది?" అని నవ్వాడు బాబాయి.

"నాన్న పెళ్ళి కోటు, బాబాయ్."

ఆయన టోపీ తీసేశాడు. "బతికినన్నాళ్ళూ ఆ మూలకే కొట్టి నన్ను ఏడిపించాడు. పోయినా బుద్ధి మారలేదు చూడు!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

మేక ఈనిందా? పొగగొట్టం బాగుచేయించావా? నా ఉన్ని మేజోళ్ళు పంపు.

కోటు జేబు ఒకటి మిగిలితే, అందులోని నాన్న పొగాకు పొడి దులపకుండా నేనే బంతి చుట్టాను. దాంతో ఎవరినీ ఆడనివ్వలేదు. మన ఊరొస్తున్న ఒదీల్ అక్క చేతికిచ్చి పంపుతున్నాను, పొయ్యి పైన అరలో పెట్టుకో. దొర్లి కిందపడినా కంగారుపడకు. ఆఖర్న నాన్న మంచాన పడి లేవలేకపోయాడు గానీ, ఇప్పుడు పడితే ఎగిరి లేస్తాడు.

చెల్లికి ముద్దులు.

నీ క్లోవిస్