నాలుగు మూలలూ ఉన్న కార్డు

మక్తల్, 12-3-1987

చిరంజీవి అనసూయా,

ముందు ఈ కార్డు నాలుగు మూలలూ చూసుకో. తాత ఇంకా ఉన్నాడు.

పోయినసారి మూల చింపింది నేను కాదమ్మా, గొర్రెపిల్ల కొరికింది. చూపు ఆనక అట్లాగే పోస్టు చేశాను. చావు కబురనుకొని, చదవకుండానే నందికొండ నుంచి ఏడ్చుకుంటూ వచ్చావు. "మూల సూస్కోకుండ ఎట్లేసినవ్? పిల్ల పానం తీస్తివి" అని మీ అవ్వ ఇప్పటికీ తిడుతోంది.

నువ్వు వెళ్లాక దవాఖానకు పోయాను. ఈ దగ్గు తగ్గేది కాదన్నారు. వానకాలం దాటడం కష్టమట.

బాబుకు జ్వరం తగ్గిందా? అవ్వ మోకాళ్లకు నూనె పంపించు, మరిచిపోకు.

అవ్వకు చదువు రాదు కదా. అందుకే ఇంకో కార్డు మీద నీ అడ్రసు రాసి జొన్నల కుండలో పెట్టాను. నేను పోయిన రోజు మూల చింపి పోస్టు డబ్బాలో వేస్తే చాలన్నాను. "నాతోని గాదు. నువ్వే సింపి పెట్టు" అంది.

చింపి పెట్టాను. అది అందిన రోజే బయలుదేరు. రాత కోసం వెతకకు. ఇన్ని కథలు రాసినవాణ్ని, దాని మీద రాయడానికి ఒక్క మాటా దొరకలేదు.

నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి.

మీ తాత,
మల్లప్ప