నిమ్మకాయల మీదుగా నెట్టిన కారు

స్విండన్, 14 మార్చి 2014, శుక్రవారం

కారు వచ్చింది. అమ్మినాయనే సాయంత్రం నడుపుకుంటూ తెచ్చి ఫ్లాట్ ముందు పెట్టి వెళ్లాడు. ఇన్సూరెన్స్ మాత్రం, సెలవు రోజు కదా అని, నేను రేపటి నుంచి తీసుకున్నాను. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోరన్న సంగతే గుర్తు రాలేదు. మా ఆవిడ శైలజకు గుర్తుంది. అందుకే పట్టుబట్టి ఇవాళే తెప్పించింది.

కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "ఒక్క అడుగు ముందుకు పోనివ్వండి, ఎవరు చూస్తారు?" అంది. హైదరాబాద్‌లో అయితే ఆలోచించేవాడినే కాదు. ఇక్కడ ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే ముందుముందు వీసా రెన్యువల్‌కి ఏం అడ్డొస్తుందో! తాళం తిప్పలేదు. హ్యాండ్‌బ్రేక్ తీసి ఇద్దరం వెనక నుంచి నెట్టాం. కదల్లేదు.

కింది ఫ్లాట్‌లోని ఇంగ్లీషు పెద్దాయన కిటికీలోంచి చూసి, ఇంటి చెప్పులతోనే వచ్చి భుజం ఆనించాడు. నిమ్మకాయలు చితికాయి. శైలజ దణ్ణం పెట్టుకుంది. ఆయన నా వీపు తట్టి, "కొన్న రోజే ఆగిపోయిందా, పాపం!" అన్నాడు. ఎక్కడి నుంచి చెప్పాలో తెలియక థాంక్యూ అన్నాను.

పొద్దున్నే తన బండి తెచ్చి మా బ్యాటరీకి ఛార్జి ఇస్తాడట. మా కారు తాళం తిప్పగానే స్టార్టయితే ఆయన మొహం ఎలా చూడాలో...