గొర్రెల వరుసలో మా పిల్లి

గుంతకల్లు, 18-6-2001

నాయనా,

ఇక్కడ అందరం కులాసా, పిల్లి తప్ప. నిన్న తమ్ముడు భరత్ నీ దగ్గర్నుంచి దాన్ని తెచ్చి బుట్ట మూత తీస్తే దాన్ని నేను గుర్తే పట్టలేదు. మేం తిరుపతి వెళ్ళొచ్చే వారం రోజులు దాన్ని నీ దగ్గర వదులుతూ ఏం చెప్పాను? ఈ ఉక్కకు పొడుగు బొచ్చు చిక్కుపడుతుంది, రోజూ పొద్దున వేళ్ళతో చిక్కు తీసి మెల్లగా దువ్వమన్నాను. నువ్వేమో గొర్రెల బొచ్చు కత్తిరించే ఎర్రిస్వామి ముందు దాన్నీ పడుకోబెట్టావట! "రోజూ యాడ దువ్వేదిరా? గొర్రెలతో పాటే దీనికీ కత్తిరిస్తే పీడా పోతాది" అన్నావట. ఒళ్ళంతా మెట్లు మెట్లుగా ఉంది. నాక్కోబోయి, బొచ్చు కనబడక నా ముఖం చూస్తోంది. పక్కింటి కన్యకమ్మ "ఏమమ్మా, మేకపిల్లను తెచ్చినారా?" అని అడిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలి?

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? కొర్రలు అయిపోయాయి, పంపించు. అమ్మకు నా నమస్కారాలు. నీకు ఈసారి లేవు.

దాని బొచ్చు కూడా గొర్రెల బొచ్చులో కలిపి కంబళి నేతకు ఇచ్చావట. ఆ కంబళి ఎవరికీ ఇవ్వకుండా నాకు దాచిపెట్టు. చలికాలం దాని బొచ్చు దానికే కప్పుతాను.

ఇంద్రాణి