బావా, గ్యాస్కెట్‌కి అట్ట లేదు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రానికి నీ రేసు బండి నడవకపోతే తుక్కోడికి ఇచ్చేస్తానంటంది అక్క.

"కార్బురేటర్ పెద్దదైతే సాలదురా, ఇంజనుకి కలిపే మానిఫోల్డు గొట్టమూ దానికి తగిందుండాల" అనేవోడివి. శ్రీకాకుళమంతా తిరిగి జోడీ కుదిరినవే తెచ్చి బిగించాను. అయినా స్టార్టవుతంది, ఆగిపోతంది. రెండూ కలిసేకాడ గాలి లాగేస్తంది.

ఆ సందుకి నువ్వు మీ పెళ్లికార్డులే గ్యాస్కెట్లుగా కత్తిరించీవోడివి. అక్క తిట్టుకుంటానే తెచ్చిచ్చీది. అవన్నీ అయిపోనాయి. ఉత్త కాయితం పెడితే పెట్రోలుకి నానిపోతంది.

ఇంట్లో ఇంక దళసరి అట్టంటే నీ పెద్దకార్యం కార్డొక్కటే. కత్తెర పట్టుకుని కూకున్నాను. కార్డు సిన్నది బావా. ఏటి సెయ్యమంటావు, సెప్పు? గాలి ఎల్లడానికి బెజ్జం నడిమినే కొయ్యాల. నడిమినే నీ మొకం ఉన్నాది.