మింగిన మాత్ర ఎక్కడికి పోయింది

ఫిబ్రవరి 24, సోమవారం

ఈరోజు ఒక రిపోర్టు మీద సంతకం పెట్టాను. పెట్టినప్పటి నుంచి భయంగా ఉంది.

నమూనా 0422. దీవి క్లినిక్ నుంచి వచ్చింది. ఇరవై మూడేళ్ల ఆడమనిషి, ముప్పై మూడు వారాల గర్భిణి. మిల్లీలీటరు రక్తంలో నలభై ఎనిమిది వేల హెచ్ఐవి. నాలుగేళ్లుగా మందు వాడుతున్న మనిషిలో ఉండవలసిన సంఖ్య కాదిది. నిరుడు ఆమెలో వైరస్ కనబడనే లేదు. మందుకు లొంగడం మానేసిందేమో చూడమని పంపారు. వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదివాను. మందును ఎదిరించే మార్పు ఒక్కటీ లేదు. అదే రాసి సంతకం చేశాను.

దీనికి రెండే అర్థాలు. ఆమె మాత్రలు వేసుకోవడం లేదు. లేదా నా పరీక్షకు కనబడనిది ఏదో ఉంది.

ప్రసవానికి ఏడు వారాలు. ఆలోగా ఆ సంఖ్య దిగకపోతే బిడ్డకు సోకవచ్చు.

ఫిబ్రవరి 26

దీవి నుంచి సిస్టర్ నాన్‌ఫుకా ఫోన్ చేసింది. పదహారేళ్లుగా ఆ క్లినిక్‌ను ఒక్కతే నడుపుతున్న నర్సు. నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా ముసావో అనే పిలుస్తుంది.

నీ కాగితం చూశాక ఆ పిల్లను నిలబెట్టి కడిగేశాను ముసావో, అంది. మాత్రలు ఏ చేపలకు మేత వేస్తున్నావే అని అడిగాను. ఒక్కరోజు తప్పితే ఒట్టు సిస్టర్ అని ఏడ్చింది. ఆ ఒట్టు అందరూ వేసేదే కదా. సీసా తెప్పించి మాత్రలు లెక్కపెట్టాను.

ఎంత వచ్చిందని అడిగాను.

సరిగ్గా వచ్చింది, అదే నా అనుమానం, అంది. పారబోసేవాళ్లకి లెక్క ఎప్పుడూ తప్పదు.

నా కాగితం వల్ల ఒక అమ్మాయి ఏడ్చింది.

ఫిబ్రవరి 28, మధ్యాహ్నం 3

మిగిలిన రక్తంతో మొదటి నుంచి మళ్లీ చేశాను. వేరే ప్రైమర్ రసాయనాలు, వేరే బెంచ్, కొత్త గ్లవ్స్. పక్క బెంచ్‌లో పనిచేసే సెంకాలి ఊరుకోడు. మళ్లీ అదే నమూనానా, దానికో సంబంధం చూసి పంపించెయ్యి తల్లీ, మిగతావన్నీ పెళ్లికాక ఏడుస్తున్నాయి, అన్నాడు.

అదే ఫలితం.

వంద వైరస్‌లలో ఇరవై కంటే తక్కువవాటిలో ఉన్న మార్పు మా యంత్రానికి కనబడదు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెబుతాను. ఈరోజు అది పాఠంలా లేదు. దీవుల్లో అందరూ మింగేది ఈ ఒక్క మందే. దీన్ని ఎదిరించేది అక్కడెక్కడో పుట్టి, నా యంత్రానికి చిక్కకుండా ఉంటే? వేట పడవలతోపాటు రేవు నుంచి రేవుకు అదీ పోతుంది.

మార్చి 2, ఆదివారం

చర్చిలో మూడు పాటలు అయ్యాక గాని నేను పాడటం లేదని తెలియలేదు.

మార్చి 3

నాన్‌ఫుకాను ఒక సాయం అడిగాను. వారం రోజులు ఆ అమ్మాయి క్లినిక్‌కు వచ్చి, నీ ఎదుటే మాత్ర మింగాలి. తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. ఏడో రోజున రక్తం తీసి పంపితే, అందులో మందు ఎంత ఉందో రాజధానిలో కొలుస్తారు.

నాకు వేరే పనేం లేదనుకున్నావా, అంది. ఇక్కడ నేనే నర్సుని, నేనే మంత్రసానిని, నేనే ఊడ్చేదాన్ని. చాలాసేపు సణిగింది. చివరికి, సరేలే, నాలుక కింద కూడా చూస్తాను, అంది.

మార్చి 10

ఏడు రోజులు, ఏడు మాత్రలు. ఆ కడుపుతో రోజూ గంట నడిచి, తెల్లవారేసరికి వచ్చిందట. ఒక్కటీ కక్కలేదట. తిట్టింది నేను, ఇప్పుడు నోరు చేదైందీ నాకే, అంది నాన్‌ఫుకా. రక్తం రాజధానికి వెళ్లింది.

మార్చి 14, శుక్రవారం

రక్తంలో ఉండవలసిన మందులో పదో వంతు కూడా లేదు.

సెంకాలి కాగితం చూసి, తన పని ఆపి నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. 

మింగింది. ఒక నర్సు చూస్తుండగా మింగింది. మరి ఎక్కడికి పోయింది? మాత్రలు నకిలీవా అంటే, అదే పెట్టెలోవి వాడినవాళ్లందరికీ పనిచేస్తున్నాయి. ఈ మందును తగ్గించేసే క్షయ మందులు వాడటం లేదు. ఇనుము మాత్రలు ఈ మందును కడుపులోనే పట్టేసుకుంటాయి గనుక నాన్‌ఫుకా వాటిని రాత్రిపూట వేసుకోమంది. ఫారంలో ‘ఆకు మందులు, వేరు మందులు వాడుతున్నారా’ అన్న చోట ‘లేదు’ అని ఉంది.

ముప్పై అయిదు వారాలు దాటింది. మందు మార్చమని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. మార్చకుండా కూర్చోవడానికి వ్యవధి లేదు.

మంగళవారం నేనే వెళ్తాను. సరస్సు మీద పడవ అంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మార్చి 18, మధ్యాహ్నం 1

రేవులో కూర్చుని రాస్తున్నాను. పడవ రెండింటికి. వచ్చిన పని కాలేదు.

నాన్‌ఫుకా నన్ను వాళ్ల ఇంటికి తీసుకువెళ్లింది. ఆ అమ్మాయి పేరు తెలిసింది, ఇక్కడ రాయను. ఎండు చేపలు తిరగేస్తోంది. చేతుల నిండా వెండి పొలుసులు. నన్ను చూడగానే మోకాళ్ల మీద కూర్చుని, పలకరింపుకన్నా ముందు మాత్రల సీసా అందించింది. లెక్కపెట్టడానికి రాలేదని నమ్మించేసరికి నాకు సిగ్గేసింది.

అడగవలసినవన్నీ అడిగాను. వాంతులు లేవు. ఆకులు, వేర్లు, ఏవీ లేవు. మాత్రను నీళ్లతోనే మింగుతుంది.

అత్తగారు పెద్ద మనిషి, గలగలా మాట్లాడుతుంది. నా కోడలికి తిండి పెట్టడం లేదని ఎవరైనా చాడీ చెప్పారా ముసావో, అంది. కోడికన్నా ముందు లేచి, ఈ చేతుల్తో ముంబ్వా అరగదీసి, చెంబుడు నీళ్లలో కలిపి పట్టించాకే వాకిలి దాటనిస్తాను. నా అయిదుగురూ దాంతోనే జారిపడ్డట్టు పుట్టారు. నువ్వు తాగలేదా ఏంటి, నీ కాన్పులప్పుడు?

తాగానన్నాను. మా అమ్మ ఇచ్చేది. మీరు ఎవరి దగ్గర కొంటారని కూడా అడిగాను. ముసలామె సంబరపడిపోయి ఒక కప్పు కలిపి ఇచ్చింది. వద్దంటే బాగుండదు, తాగాను. అదే రుచి. తడిసిన కుండ, చేదాకు.

వీటిలో నాకు పనికివచ్చేది ఏదీ లేదు.

మార్చి 18, సాయంత్రం 4

ఇవతలి రేవు. 

నడి సరస్సులో అలలు లేచాయి. భయంతో పళ్లు బిగించాను. పంటి కింద ఏదో కరకరమంది.

మట్టి.

ముంబ్వా అంటే మట్టే. ఆకులు కలిపి పిసికి, ఎండబెట్టిన బంకమట్టి కడ్డీ. మట్టి నిండా ఇనుము, సున్నమే. ఇనుము, సున్నం ఉన్న దేనితోనూ ఈ మాత్ర వేసుకోవద్దని ఊరూరా చెప్పేది మేమే. ఆ అమ్మాయి రోజూ తెల్లవారుజామున ఖాళీ కడుపున చెంబుడు మట్టినీళ్లు తాగి, క్లినిక్‌కు నడిచి, నర్సు ఎదుట మాత్ర మింగింది. ఆమె అబద్ధమాడలేదు. మందులు వాడుతున్నావా అని అడిగాం. ముంబ్వాను ఇక్కడ ఎవరూ మందు అనరు. కడుపుతో ఉన్నవాళ్లకు పెద్దవాళ్లు ఇచ్చేది, అంతే. నేను కూడా రెండు కాన్పులకూ తాగి, ఇవాళ కప్పు చేతిలో పట్టుకుని కూడా పోల్చుకోలేదు.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఒడ్డుకు చేరేదాకా గంటంబావు ఆ మట్టి నోట్లోనే ఉంది.

మార్చి 19

ఆ కడ్డీలన్నీ సరస్సులో పారేసి వస్తానంది నాన్‌ఫుకా. వద్దన్నాను. పారేస్తే అత్తగారు మళ్లీ కొంటుంది, కోడలు మనకు చెప్పకుండా తాగుతుంది. మాత్రనే రాత్రి భోజనం తర్వాతకు మార్చమన్నాను. ఇనుము మాత్రను మధ్యాహ్నానికి జరపమన్నాను. మట్టికీ మాత్రకూ మధ్య పన్నెండు గంటలు.

పన్నెండు గంటలు చాలునా అని అడిగింది. చాలునన్నాను.

నాకు తెలియదు. ఇనుము సంగతి కొలిచారు. ముంబ్వా సంగతి కొలిచినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఒక ముసలామె మనసు నొప్పించకూడదని, పుట్టని బిడ్డను పందెం పెట్టానేమో.

మార్చి 20

ఫోన్ చేశాను. ఒక్క మాట మార్చాను. కాన్పు అయ్యేదాకా ముంబ్వా వద్దు. పారేయవద్దు, కోడలికి చెప్పవద్దు, అత్తగారికే చెప్పు, ఆమెనే అడుగు, అన్నాను.

మార్చి 21

అత్తగారికి చెప్పిందట నాన్‌ఫుకా. రాత్రి కోడలికి అత్తగారే అన్నం పెట్టి, తానే మాత్ర అందించి, దీపం ఎత్తి నోట్లోకి చూసిందట. ఇక నా ఉద్యోగం ఊడినట్టే, అంది నాన్‌ఫుకా.

మార్చి 24

గర్భిణుల ఫైళ్లు తీశాను. రెండేళ్లలో, వైరస్ ఎక్కువగా ఉండి, మందును ఎదిరించే మార్పు ఏదీ కనబడక, ‘మాత్రలు వేసుకోవడం లేదు’ అని తేల్చినవి. పద్నాలుగు.

సంతకాలన్నీ నావే.

ఆ పద్నాలుగు మంది క్లినిక్‌లకూ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. కొత్త ఫారంలో ప్రశ్న మార్చాను. ‘పొద్దున్నే మీ ఇంట్లో పెద్దవాళ్లు మీకేమిస్తారు?’

ఏప్రిల్ 2

సోమవారం తీసిన రక్తం వచ్చింది. మూడు వందల పది.

సెంకాలి బల్ల మీద దరువు వేశాడు. నేను సున్నా కోసం చూస్తున్నాను. ఇంకో రెండు వారాలుంటే దిగుతుంది.

ఏప్రిల్ 5, శనివారం

రెండు వారాలు లేవు. తెల్లవారుజామున నొప్పులు వచ్చాయట. ఆడపిల్ల. మొదటి గంటలోనే బిడ్డకు మందు చుక్కలు వేశానంది నాన్‌ఫుకా. పిల్ల గొంతు ఫోన్‌లో వినిపించింది. మడమ నుంచి రక్తం తీసి పంపమన్నాను.

ఏప్రిల్ 9

బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు కార్డు వచ్చింది. అయిదు వలయాలు, ఒక్కొక్కటి గోరంత. యంత్రంలో నేనే పెట్టాను. ఇది మొదటి పరీక్ష మాత్రమే. ఆరో వారంలో మళ్లీ చేయాలి, పాలు మాన్పించాక మళ్లీ. అదంతా నాకు తెలుసు. ఈ రాత్రి గడిస్తే చాలు.

ఏప్రిల్ 10

వైరస్ కనబడలేదు.

సంతకం పెట్టే ముందు సెంకాలిని పిలిచి, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదవమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమన్నాను. వెక్కిరించకుండా, నెమ్మదిగా, మళ్లీ చదివాడు.